విదేశంలో కాలు విరిగింది.. అప్పు ఇంటిదాకా వచ్చింది

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. చేతికి నెలకు రూ.68 వేలు వస్తాయి. మొన్న ఒంటరిగా థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు క్రాబీలో అద్దె స్కూటీ మీద నుంచి పడ్డాను. చీలమండ విరిగి ఆపరేషన్ చేశారు. బిల్లు సుమారు రూ.4 లక్షలైంది. రెండు క్రెడిట్ కార్డుల మీద రూ.3.4 లక్షలు గీకాను, మిగతా రూ.60 వేలు లోన్ యాప్‌లో తీసుకున్నాను. టూవీలర్ లైసెన్స్ లేదని ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించారు. ఇప్పుడు కార్డులకు మినిమమ్ డ్యూ (నెలకు తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాను. నెలకు రూ.15 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే పెట్టుబడి) మాత్రం ఆపలేదు, ఫండ్లలో రూ.2.8 లక్షలున్నాయి. ఇంకో యాప్‌లో లోన్ తీసుకుని కార్డులు క్లోజ్ చేయొచ్చా? అమ్మ తన నగలు తాకట్టు పెడదామంటోంది, నాకు మనసొప్పడం లేదు.
- ఓ పాఠకురాలు

జవాబు: వద్దు. ఇంకో యాప్ వైపు కన్నెత్తి కూడా చూడకండి. అప్పు తీర్చడానికి ఇంకో ఖరీదైన అప్పు చేయడం ఎక్కడి లెక్క?

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ప్రమాదం కాదు, సిప్. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే రూ.3.4 లక్షల మీద రూ.11,900 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.14 వేలు దాటుతుంది. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే రూ.17 వేలు కడితే అసలులో తగ్గేది రూ.3 వేలే. ఒక చేత్తో రూ.15 వేలు ఫండ్లో వేస్తూ, ఇంకో చేత్తో దాదాపు అంతే మొత్తం బ్యాంకుకు వడ్డీగా ఇస్తున్నారన్నమాట. ఏడాదికి 40 శాతం దాటే వడ్డీని ఏ ఫండూ తట్టుకోలేదు. 'సిప్ ఎప్పుడూ ఆపకూడదు' అన్న మాట మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసం చెప్పింది కాదు.

సిప్ ఈ నెలే ఆపేయండి. ఫండ్లు అమ్మేయండి. పన్ను ఆదా ఫండ్ ఉంటే మూడేళ్ల లాకిన్‌లో (తీయడానికి వీల్లేని గడువులో) ఉన్నది ఎలాగూ రాదు, మిగతావన్నీ తీయండి. ఎగ్జిట్ లోడ్ (గడువుకు ముందే అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము), మూలధన లాభాల పన్ను కొంత పోతాయి. పోనివ్వండి. వచ్చిన డబ్బుతో ముందు యాప్ అప్పు, తర్వాత కార్డులు తీర్చండి. ఇంకా మిగిలే సుమారు రూ.1.2 లక్షలకు అమ్మగారి మాట వినండి. బ్యాంకులో బంగారు రుణం కార్డు వడ్డీలో మూడో వంతు కూడా ఉండదు. ఇప్పుడు సిప్‌కు, మినిమమ్ డ్యూకు పోతున్న రూ.32 వేలూ దానికే మళ్లిస్తే నాలుగైదు నెలల్లో నగలు ఇంటికొస్తాయి. నగల రుణం కుదరకపోతేనే పర్సనల్ లోన్ మాట. బాకీ తీరేదాకా ఆ కార్డులు కిరాణాకు కూడా వాడొద్దు. పాత బాకీ ఉండగా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు.

అసలు తప్పు క్రాబీకి వెళ్లకముందే జరిగింది. రూ.2.8 లక్షలు ఫండ్లలో ఉన్న మనిషికి అత్యవసర నిధి లేదు. క్రెడిట్ లిమిట్ ఉంది కదా అనుకున్నారు. లిమిట్ మీ డబ్బు కాదు, బ్యాంకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న అప్పు! 'ఇన్సూరెన్స్ ఉంటే నిధి ఎందుకు' అని చాలామంది అడుగుతారు. పాలసీ చెల్లినా సరే, పరాయి దేశంలో చాలా ప్రైవేటు ఆస్పత్రులు ముందు డిపాజిట్ అడుగుతాయి. క్యాష్‌లెస్‌కు బీమా సంస్థ హామీ పత్రం రావాలి. ఒంటరిగా, కాలు విరిగి మంచం మీదున్నప్పుడు ఆ ఫోన్లు, మెయిళ్లు నడిపేదెవరు? తిరిగొచ్చాక ఫిజియోథెరపీ, జీతం లేని సెలవు, ఆఫీసుకు క్యాబ్ ఖర్చులను ట్రావెల్ పాలసీ సాధారణంగా భరించదు. వీటన్నిటికీ చేతిలో నగదే కావాలి. మీ నెల ఖర్చు రూ.30 వేలనుకుంటే ఆరు నెలలకు రూ.1.8 లక్షలు. నగలు విడిపించిన మర్నాటి నుంచీ అదే రూ.32 వేలు బ్యాంకు ఎఫ్‌డీలో వేయండి. ఆ మొత్తం నిండేదాకా సిప్ ఊసెత్తొద్దు, విమానం టికెట్ ఊసు అసలే వద్దు.

క్లెయిమ్ సంగతి. సరైన లైసెన్స్ లేకుండా బండి నడిపితే చెల్లించబోమని పాలసీల్లో సాధారణంగా రాసే ఉంటుంది. బీచ్ ఊళ్లలో స్కూటీ అద్దెకిచ్చేవాళ్లు లైసెన్స్ అడగకపోవచ్చు, క్లెయిమ్ విభాగం మాత్రం తప్పకుండా అడుగుతుంది. పాలసీ పత్రంలో ఆ షరతు ఎలా ఉందో ఒకసారి చదవండి. సందేహం ఉంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు, ఫీజు ఉండదు. ఆ డబ్బు వస్తుందన్న ఆశతో మాత్రం అప్పు తీర్చడం వాయిదా వేయొద్దు.

ఫండ్లు అమ్మితే ఖాతాలో పడటానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. కాబట్టి కార్డు గడువు తేదీకి కనీసం వారం ముందే ఆర్డర్ పెట్టండి. మొత్తం కట్టాక కూడా మధ్య రోజుల వడ్డీ తర్వాతి స్టేట్‌మెంట్‌లో వస్తుంది, చూసి అదీ కట్టేయండి.