ఏడో స్థానంలో ఉన్న ఊరా, ఇరవై నాలుగో స్థానంలో ఉన్న ఊరా?

సందేహం: శాన్ ఆంటోనియోలో ఒకటి, బోస్టన్‌లో ఒకటి ఆఫర్లు వచ్చాయి. 2020 సెన్సస్ (జనగణన) ప్రకారం అమెరికా నగరాల జనాభా జాబితాలో మొదటిది 7వ స్థానంలో, రెండోది 24వ స్థానంలో ఉన్నాయి. పెద్ద ఊరికే వెళ్లమంటారా?

ఆ జాబితాను పక్కన పెట్టేయండి. అది లెక్కపెట్టేది మున్సిపాలిటీ హద్దు లోపల ఉన్నవాళ్లనే. 2020 సెన్సస్‌లో శాన్ ఆంటోనియో జనాభా 14.3 లక్షలు, బోస్టన్‌ది 6.75 లక్షలు. కానీ నీళ్లు తీసేసి నేల మాత్రమే చూస్తే మొదటిది దాదాపు 500 చదరపు మైళ్లు, రెండోది 50 కూడా లేదు. శాన్ ఆంటోనియో ఉన్న టెక్సస్‌లో ఊళ్లు చుట్టుపక్కల భూమిని కలుపుకుంటూ పోయాయి. బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్ అయితే 1873లోనే ఓటేసి మరీ కలవనంది. ఎం.ఐ.టి. కూడా బోస్టన్ లెక్కలోకి రాదు, అది చార్లెస్ నది అవతల కేంబ్రిడ్జ్‌లో ఉంది!

మీరు చూడాల్సింది మెట్రో జనాభా, అంటే ఊరూ దాని చుట్టుపక్కల పట్టణాలూ కలిపిన లెక్క. అక్కడ వరస తారుమారవుతుంది, అదే 2020 సెన్సస్‌లో: బోస్టన్ 49 లక్షలు, శాన్ ఆంటోనియో 25.6 లక్షలు. అట్లాంటా ఊరు 5 లక్షలే, మెట్రో 60 లక్షలు.

అయితే ఊరికి పేరు ప్రతిష్ఠలు మెట్రో జనాభాతోనూ రావు. యూనివర్సిటీలు, పరిశోధన ఆసుపత్రులు, హెడ్ ఆఫీసులు ఒకచోట పోగుపడితే వస్తాయి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీదున్నవాళ్లకు దీనితో నేరుగా పని ఉంది. లేఆఫ్ అయితే అక్కడ ఉండటానికి గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఆలోపు కొత్త ఉద్యోగం దొరకాలంటే మీ రంగంలో మరో కంపెనీ దగ్గర్లో ఉండాలి. బయోటెక్ వాళ్లయితే బోస్టన్ వైపే మొగ్గండి. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ ఐటీ వాళ్లు శాన్ ఆంటోనియోను తేలిగ్గా కొట్టిపారేయొద్దు. అక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో 5 శాతం ఉంది. అద్దె తేడా అంతకన్నా పెద్దది.

చాలామంది బోల్తా పడేది మాత్రం ఇక్కడ. 2015 నుంచి, పని చేసే చోటు మెట్రో దాటి మారితే కంపెనీ మీ హెచ్1బీకి సవరణ పిటిషన్ వేయాలి. లోపలే మారితే కొత్త చోట ఎల్‌సీఏ (జీతం, పని చోటు గురించి కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చే దరఖాస్తు) నోటీసు పెడితే సరిపోతుంది. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే పక్కపక్కనే ఉన్నా సెన్సస్ లెక్కలో వేర్వేరు మెట్రోలు. ఫ్రీమాంట్ మొదటి దాంట్లోకి, సన్నీవేల్ రెండోదాంట్లోకి వస్తాయి. అందుకని ఇల్లు, ఆఫీసు వేర్వేరు మెట్రోల్లో ఉంటే ఇంటి నుంచి పని మొదలుపెట్టే ముందే కంపెనీ లాయర్‌ను అడగండి.

ఆఫర్ లెటర్‌లో ఊరి పేరుతో సరిపెట్టుకోక ఆఫీసున్న కౌంటీ పేరు అడిగి తెలుసుకోండి. లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఆ కౌంటీ, మీ ఉద్యోగం కోడ్ (ప్రభుత్వం ఒక్కో రకం ఉద్యోగానికి ఇచ్చే నంబర్) ఇస్తే ఆ ఉద్యోగానికి అక్కడ చెల్లే జీతం నాలుగు లెవెళ్లలో కనిపిస్తుంది. ఏటా జూలై 1న అంకెలు మారతాయి, ఏ ఏడాదివో చూసుకోండి.