బాలింత కాళ్లు కదలకపోతే తెల్లారేదాకా ఆగవద్దు

అమ్మాయీ,

పెద్దమ్మ దీవెనలు. బాలింతల వార్డులో రాత్రి డ్యూటీ వేశారని, రక్తస్రావం, బీపీ, ఫిట్స్ గురించి మళ్లీ చదువుకుంటున్నానని రాశావు. మంచి పని. వాటితోపాటు పుస్తకాలు నాలుగు వాక్యాల్లో ముగించే మరో ప్రమాదాన్ని కూడా గుర్తుపెట్టుకో. కాన్పయిన కొద్ది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడతాయి. అందుకు ఒక కారణం వెన్నులో రక్తం చేరి గడ్డకట్టడం.

వెన్నుపామును కప్పే పొరకూ ఎముకకూ మధ్య సన్నని సందు ఉంటుంది. అక్కడి సిరలు గర్భిణుల్లో ఉబ్బి ఉంటాయి. మత్తు సూదో, ఎపిడ్యూరల్ గొట్టమో (నొప్పి తెలియకుండా మందు ఎక్కించడానికి ఆ సందులో పెట్టే సన్నని గొట్టం) తగిలి అవి చిట్లితే రక్తం కారుతుంది. చాలామందిలో దానంతట అదే ఆగిపోతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లలో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సూదులు పడుతున్నవాళ్లలో ఆగకుండా పేరుకోవచ్చు. చుట్టూ ఎముక కాబట్టి ఆ రక్తానికి దారి ఉండదు, నరాలను నొక్కేస్తుంది. గొట్టం తీసేటప్పుడు కూడా ఇది జరగవచ్చు. వెన్నుకు ఏ సూదీ పడని సహజ కాన్పులోనూ మరీ అరుదుగా జరుగుతుంది. కనుక 'ఈమెకు మత్తే ఇవ్వలేదు కదా' అని ధీమా పడవద్దు.

ఎపిడ్యూరల్ తీసుకున్న గర్భిణుల్లో ఇలా వెన్నులో రక్తం చేరేది సుమారు 1,68,000 మందికి ఒకరికి అని 2006లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. కాబట్టి బాలింతలను ఈ మాటతో బెదరగొట్టకు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, వాటిలో ఎక్కువ వెన్నుకు మత్తిచ్చి చేసేవే. నీ చేతి మీదుగా ఎందరు వెళ్తారో ఆలోచించు.

వెన్నుకు మత్తిచ్చిన నాలుగు గంటలకు ప్రతి బాలింత దగ్గరకూ వెళ్లి, మోకాలు వంచకుండా మడమ పరుపు మీద నుంచి ఎత్తమను. ఒక కాలు, తరువాత రెండోది. పాదాలు పైకీ కిందకీ ఆడించమను, తాకితే తెలుస్తోందా అని అడుగు. చూసిన సమయంతో సహా కేసు షీటులో రాయి. ఎత్తలేకపోతే మత్తు డాక్టరుకు ఫోను చెయ్యి. అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది వచ్చిన కదలిక మళ్లీ పోయినప్పుడు. ఒకసారి దిగిన మత్తు తనంతట తాను తిరిగి ఎక్కదు.

నడుములో తీవ్రమైన నొప్పి ఉండవచ్చు, మత్తు వల్ల తెలియకపోనూ వచ్చు. మూత్రం ఆగిపోవడం ఇంకో గుర్తు. కానీ సిజేరియన్ అయినవాళ్లకు మూత్రపు గొట్టం వేసి ఉంటుంది, సంచీ నిండుతూనే ఉంటుంది, ఆ గుర్తు బయటపడదు. అందుకే కాళ్లనే చూడాలి. కాన్పు బల్ల మీద ఎక్కువసేపు కాళ్లు ఎత్తిపెట్టడం వల్ల నరం నొక్కుకుని ఒక పాదం జారిపోవడం కూడా ఉంది, అది ఎక్కువగా ఒకవైపే. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు, నువ్వు కాదు.

ఇంటివాళ్లు వాతం కమ్మిందనో, చలి పట్టిందనో నూనె రాసి కాపడం పెడుతుంటారు. వాళ్లను కసురుకోకు. స్పర్శ లేని చర్మం కాలిపోయినా తెలియదని చెప్పి ఆపించు. 'ఎప్పటి నుంచి ఇలా ఉంది?' అని వాళ్లనే అడుగు, సరైన సమయం వాళ్లకే తెలుస్తుంది.

ఫోనులో ఎలా చెప్తావన్నది చాలా ముఖ్యం. 'కాళ్లు బరువుగా ఉన్నాయంటోంది' అంటే 'మత్తు దిగలేదేమో, పొద్దున చూద్దాం' అనే జవాబు వస్తుంది. ఇలా చెప్పు: 'పదకొండింటికి మత్తిచ్చారు. మూడింటికి రెండు కాళ్లూ ఎత్తింది. ఇప్పుడు తొమ్మిది, ఏ కాలూ కదలడం లేదు, తాకితే తెలియడం లేదు. వెన్నులో రక్తం చేరిందేమోనని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి.' రాకపోతే పైవాళ్లకు చెయ్యి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. తరువాతి హెపారిన్ సూది వేళైతే, డాక్టరు చూసేదాకా ఇవ్వకుండా ఆపి అడుగు.

ఎంఆర్ఐ తీస్తేగాని తేలదు. గడ్డ ఉంటే వెన్నెముక తెరిచి తీసేస్తారు. కాళ్లు పడిపోయిన ఎనిమిది గంటలలోపు ఆపరేషన్ జరిగితే కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. పన్నెండు దాటితే ఆశ తగ్గుతూ వస్తుంది. అయినా ఆలస్యమైందని చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. కాగితాల మీద మత్తిచ్చిన సమయం, ప్లేట్‌లెట్ల సంఖ్య, చివరి హెపారిన్ వేళ, కాళ్లు పడిపోయిన వేళ రాసి పంపు. బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో తల్లికి చెప్పి బండి ఎక్కించు. ఆ భయంలో ఆమె మొదట అడిగేది అదే.

ఎంఆర్ఐ, వెన్ను ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ - ఈ రెండిటిలో ఏ ఒక్కటి లేని ఆసుపత్రికి పంపినా ఉన్న గంటలు దారిలోనే కరిగిపోతాయి. మీ ఊరి నుంచి ఆ రెండూ రాత్రిపూట దొరికే చోటు ఏది, 108లో ఎంతసేపు పడుతుంది, అక్కడ ఎవరికి ముందుగా ఫోను చెయ్యాలి అన్నవి ఈ వారంలోనే కనుక్కో. ఆ నంబర్లు డ్యూటీ గది గోడకు అంటించి, పగటి డ్యూటీ వాళ్లకు కూడా చూపించు.

ఇట్లు,
పెద్దమ్మ