శనగకు పట్టించిన రైజోబియం ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: మా నల్లరేగడి చేలో ఏటా రబీలో శనగ వేస్తాం. పోయిన ఏడాది మినుముకు తెచ్చి మిగిలిన రైజోబియం పొడిని శిలీంద్రనాశినితో కలిపి శనగ విత్తనానికి పట్టించాను. పైరులో తేడా కనిపించలేదు. జీవన ఎరువులు వాడితే డి.ఎ.పి. మానేయవచ్చా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు వాడిన పొడి ఎంత నాణ్యమైనదైనా శనగకు పనికిరాదు. మినుము, పెసర, అలసంద, వేరుశనగ వేళ్లపై బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా ఒక వర్గానిదైతే, శనగకు కావలసినది మరో వర్గానిది. ఒకటి చేసే పని మరొకటి చేయదు. అందువల్ల ప్యాకెట్టుపై శనగ పేరు, గడువు తేదీ చూశాకే కొనండి. గ్రాము పొడిలో కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నా, ఎండ తగిలే చోట, పురుగుమందుల పక్కన నెలల తరబడి ఉంచితే అవి చచ్చిపోతాయి.

శిలీంద్రనాశినితో కలపడం రెండో లోపం. ముందు మందు పట్టించి, విత్తనం ఆరాక, చివరగా రైజోబియం పట్టించాలి. నీటిలో పదో వంతు బెల్లం కలిపి మరిగించి, పూర్తిగా చల్లార్చి, విత్తనం తడిసీ తడవనట్లు చిలకరించి, 10 కిలోలకు 200 గ్రాముల పొడి చొప్పున పైపొట్టు ఊడకుండా కలిపి, నీడలోనే ఆరబెట్టి అదే రోజు విత్తుకోవాలి.

డి.ఎ.పి. ఒక్కసారిగా మానవద్దు. బస్తాలో ఉండే 9 కిలోల నత్రజని బుడిపెలు పని మొదలుపెట్టే వరకు మొక్కను నిలబెడుతుంది. అందులోని భాస్వరం మాత్రం సున్నం ఎక్కువున్న రేగడిలో చాలావరకు బిగుసుకుపోతుంది కాబట్టి, దాన్ని కరిగించే బ్యాక్టీరియాను మాగిన పశువుల ఎరువుతో కలిపి దుక్కిలో వేయడం మీ నేలకు నిజంగా మేలు. పైపాటుగా యూరియా వేయకండి. నత్రజని తేలిగ్గా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది.

నలభై రోజుల పైరులో రెండు మూడు మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వి తీసి, వేళ్లు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే అది నత్రజనిని స్థిరీకరిస్తున్నట్లు. తెల్లగా ఉంటే పనిచేయడం లేదన్నట్లు. ఏటా శనగ వేసే నేలలో తగిన బ్యాక్టీరియా ముందే ఉండి, పట్టించినా పెద్ద తేడా రాకపోవచ్చు. అందుకే ఈసారి నాలుగు సాళ్లు రైజోబియం పట్టించని విత్తనంతో వేసి, దిగుబడిని విడిగా తూచి చూసుకోండి.