టీసీ లేకపోయినా బడిలో చేర్చుకోవాల్సిందే

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి తొమ్మిదేళ్ల పాపను, పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చాక టీసీ లేదని దగ్గర్లోని సర్కారు బడి వాళ్లు తిప్పి పంపారని రాశారు. టెన్షన్ పడకండి, చట్టం పాప వైపే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదని 5వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. వయసు ధ్రువపత్రం లేదని కూడా కాదనకూడదు, అది 14వ సెక్షన్. మధ్యలో చదువు ఆగినా వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

ఈసారి మీరూ వెంట వెళ్లండి. తెల్ల కాగితం మీద పాప పేరు, వయసు, పాత బడి వివరాలు రాసి హెడ్మాస్టర్ గారికివ్వండి. ఇంకో కాపీ మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. నోటిమాటగా కాదన్నవాళ్లు కాగితం చూశాక తరచూ ఒప్పుకుంటారు. అప్పటికీ కాకపోతే ఆ కాపీ జతచేసి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

‘పన్ను కట్టనివాళ్లకు మన డబ్బుతో చదువా’ అని మీ అసోసియేషన్‌లో ఒకరు అన్నారట. చాలా బాధేసింది. ఆ ఇంట్లో కొనే సబ్బు మీద, ఫోన్ రీఛార్జి మీద కూడా జీఎస్టీ పడుతోంది. అసలు పన్ను లెక్కతో పనే లేదు, రాజ్యాంగంలోని 21ఏ అధికరణ ఈ హక్కును నేరుగా పిల్లలకే ఇచ్చింది.

పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే. వాటికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి.