రికాబు లేని రౌతు

ప్రశ్న: మీ బొమ్మల్లో ఎప్పుడూ చరిత్రే కనిపిస్తుంది. ఈ పిచ్చి ఎలా పట్టుకుంది? బొమ్మ వేయడానికి అంత చదవాలా?

జవాబు: చిన్నప్పటి పిచ్చేనండీ. చరిత్ర పాఠంలో రాజుల పేర్ల కన్నా వాళ్ల చెప్పులు, గుర్రాల జీనులే నాకు ముఖ్యం. ఇప్పటికీ అంతే. రోమన్ రౌతును వేయమంటే ముందు పాదాల దగ్గరే ఆగిపోతాను. క్రీ.శ. 113లో రోమ్‌లో నిలబెట్టిన ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద చెక్కిన రౌతుల కాళ్లు ఊరికే వేలాడుతుంటాయి. రికాబులు, అంటే జీనుకు వేలాడే పాదాల ఆసరాలు, వాళ్లకింకా తెలియవు. అదే 1066లో ఇంగ్లండ్‌లో జరిగిన యుద్ధాన్ని కుట్టుపనిలో చూపే బేయూ వస్త్రంలోనైతే రికాబుల్లో పాదాలు పెట్టి, కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు. దాంతో నడుము, భుజం, ఈటె పట్టు, అన్నీ వేరుగా గీయాలి. (సినిమాల్లో రోమన్లకు రికాబులు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.)

దాదాపు 70 మీటర్ల ఆ వస్త్రంలో నీలం గుర్రాలు కూడా ఉన్నాయి! అవతలి వైపు కాళ్లను వేరే రంగు దారంతో కుట్టి లోతు చూపించారు. ఆ కిటుకు నేను ఇప్పటికీ వాడుతుంటాను.

చదువంటారా, అన్నీ అక్కర్లేదు. మీరు గీసే మనిషి చేతిలో ఏముంది, కాళ్లకు ఏముంది, అవి వెతకండి. పుస్తకం కన్నా ముందు ఆ కాలపు శిల్పాలు చూడండి.