ఏళ్ల తరబడి ఆగిన ఎంజీబీ ఇంజను తిరగకపోతే

బాడీ పని ఆలస్యమై మూడేళ్లు కదలకుండా ఉన్న మీ ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇంజను ఇప్పుడు బిగుసుకుపోయిందన్నారు. దయచేసి స్టార్టరు జోలికి వెళ్లకండి. తుప్పుతో సిలిండరు గోడలకు అతుక్కున్న పిస్టన్ రింగులు బలవంతం చేస్తే విరుగుతాయి.

బ్యాటరీ వైరు తీసి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. ఒక్కో రంధ్రంలో తుప్పు వదిలించే పలుచని నూనె కొద్దిగా పోసి కొన్ని రోజులు నాననివ్వండి. తర్వాత నాలుగో గేరులో పెట్టి కారును చేతులతో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. ఫ్యాన్ బెల్టు పుల్లీ మీద సుద్దముక్కతో ఒక గీత గీసుకుంటే వెంట్రుకవాసి కదలిక కూడా తెలుస్తుంది. గీత కదిలిందా, ఇక ఆత్రపడకండి. మళ్లీ నూనె పోసి ఆగండి. ఆ 1798 సీసీ ఇనుప ఇంజను గట్టిది, ఓపిక పడితే చాలాసార్లు వదులుతుంది.

తిరిగాక ఇంజన్ ఆయిలు, పాత పెట్రోలు, బ్రేక్ ద్రవం అన్నీ మార్చండి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

నాకు ఇంజను కంటే బాడీ గురించే బెంగ. రంగుకు ముందు వేసే మామూలు ప్రైమరు తేమను ఆపదు, కింద రేకు తుప్పు పడుతుంది. పని ఇంకా సాగేలా ఉంటే తేమను ఆపే ఎపాక్సీ ప్రైమరే వేయమని గట్టిగా అడగండి.