స్కూల్ కౌన్సెలర్ చదువుకి 401(కె) డబ్బు తీయాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం, గ్రీన్ కార్డ్ ఉంది. ప్రభుత్వ స్కూల్లో టీచర్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. లైసెన్స్ ఉన్న స్కూల్ కౌన్సెలర్ కావాలని ఉంది. మాస్టర్స్ ఫీజుకి మావారి 401(కె), అంటే ఉద్యోగం ద్వారా రిటైర్మెంట్‌కి దాచుకునే ఖాతా, నుంచి డబ్బు తీయవచ్చా? ఆయనకి 41 ఏళ్లు.

జవాబు: వద్దండి. ఈ వయసులో తీస్తే ఆదాయపు పన్ను పడుతుంది, దానిపైన 10 శాతం పెనాల్టీ. చదువు ఖర్చుకి ఐఆర్‌ఏలో (ఎవరికి వారు సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) ఆ పెనాల్టీ ఉండదు కానీ, 401(కె)లో ఆ వెసులుబాటు లేదు.

మీరు ఫీజు ఒక్కటే లెక్కేసుకున్నారు. నా టెన్షన్ అంతా ఇంటర్న్‌షిప్ గురించే. కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సుల్లో 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి ప్రాక్టికల్ శిక్షణ), ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. అవి స్కూలు నడిచే వేళల్లోనే చేయాలి, అంటే సరిగ్గా మీ డ్యూటీ టైములో. చాలా చోట్ల జీతం ఇవ్వరు. అందుకే చేరకముందే స్కూల్ వాళ్లని అడగండి: ఇక్కడే ఇంటర్న్‌షిప్ చేయనిస్తారా, సెలవు పెడితే హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుందా అని. ఆ నెలలకి సరిపడా మీ జీతం ముందే విడిగా దాచుకోండి. చాలామంది చదువు మధ్యలో ఆపేసేది ఇక్కడే, మీకు అలా జరగకూడదు.

ఇక ఫీజు. యజమాని ఇచ్చే చదువు సాయం ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేనిది, మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉందేమో చూడండి. మీ చేతి నుంచి కట్టిన ఫీజుకి, ఆదాయం పరిమితి దాటకపోతే, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద 2,000 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది. ఇంకా చాలకపోతే గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు. ప్రైవేటు లోన్ జోలికి మాత్రం పోకండి. ప్రభుత్వ స్కూల్లో ఫుల్‌టైమ్‌గా పనిచేస్తూ, అర్హత ఉన్న ప్లాన్‌లో 120 నెలవారీ వాయిదాలు కడితే పీఎస్‌ఎల్‌ఎఫ్ (ప్రజాసేవ ఉద్యోగులకి లోన్ మాఫీ పథకం) కింద మిగతా ఫెడరల్ బాకీ మాఫీ అవుతుంది. టీచర్ లోన్ ఫర్‌గివ్‌నెస్ అని ఇంకోటి ఉంది, అది కౌన్సెలర్లకి వర్తించదు. దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

లైసెన్స్ రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలంతో పాటూ మారతాయి: టెక్సస్‌లో ఇదివరకు రెండేళ్లు క్లాస్‌రూమ్ టీచర్‌గా చేసి ఉండాలనేవారు, 2023లో చట్టం మార్చి ఆ షరతు తీసేశారు. కాబట్టి ఫీజు కట్టేలోపే మీ రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో అర్హతలు చదవండి, మీ డిగ్రీ ఇండియాదైతే దాన్ని ఎవాల్యుయేషన్‌కి (అమెరికా డిగ్రీతో సమానమో కాదో చూసే పరిశీలన) పంపండి.